ముత్యాలు గుచ్చిన కొమ్మ

మా ప్రాజెక్టు నీళ్ల మధ్యలో ఏడు దిబ్బలుంటాయి. కట్ట పడకముందు అవి అడవిలో గుట్టలు. ఊళ్లు మునిగాక గుట్టల తలలు మాత్రం పైన మిగిలాయి. ఒక్కో దిబ్బ అంచున నీళ్లు లోపలికి చొచ్చుకుపోయి ఒంపులు ఒంపులుగా ఉంటాయి. బయట గాలికి అలలు లేస్తున్నా ఒంపులో నీళ్లు పడుకునే ఉంటాయి. చేపలు అక్కడికే చేరతాయి, వాటి వెనకే మేమూ.

ఒంపు మూతి సన్నం. లోపల మలుపు. బయట నుంచి చూస్తే మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు. అందుకే మాకో కట్టుబాటు. లోపలికి పోయేవాళ్లు మూతి దగ్గర బురదలో పచ్చి తునికి కొమ్మ గుచ్చి పోవాలి. కొమ్మ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు, ఇంకొకరు పోకూడదు. వచ్చేటప్పుడు గుచ్చిన చెయ్యే పీకాలి. పొద్దుగూకినా కొమ్మ అక్కడే ఉంటే లోపల ఎవరికో ఏదో అయిందని అర్థం. అందరం పోయి వెతకాలి. ఆఫీసరు ఇచ్చిన లైసెన్సు కాగితంలో ఈ ముక్క లేదు. ఆ కాగితం మొత్తం చదివినదాన్ని మా రేవులో నేనొక్కదాన్నే.

నా పేరు సంపూర్ణ. బడి ఐదో తరగతితో ఆగింది. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. మొగుడు పోయి పదకొండేళ్లు. పిల్లల్లేరు. నోరుంది. ఆ నోటికి మా రేవులో మగాళ్లు కూడా తప్పుకుని నడుస్తారు.

ముత్యాలు మా పక్కింటి పిల్ల. వల విసరడం దానికి నేర్పింది నేనే. దానికిద్దరు పిల్లలు. తన కొమ్మ అందరికీ తెలియాలని పాత చీర చింపి పసుపు పేలిక కట్టేది.

మొన్న వానల్లో ఒక రోజు రేవులో దాన్ని పట్టుకుని అడిగాను. "రోజూ మోడుచెట్టు ఒంపు నీకేనా? మీ తాత పట్టా చేయించి పోయిండా ఏంది?"

"నాకిద్దరు పిల్లలున్నరక్కా. ఎవరూ లేనిదానివి, నీకెందుకు అన్ని చేపలు?" నవ్వుతూనే అంది. రేవంతా నవ్వింది.

నా నోటికి తప్పుకుని నడిచే మగాళ్లు కూడా నవ్వారు. 

మర్నాడు మధ్యాహ్నం మోడుచెట్టు ఒంపు మీదుగా పోతుంటే మూతి దగ్గర పసుపు పేలిక ఊగుతూ కనిపించింది. తెప్ప ఆపాను. కొమ్మ పీకి నీళ్లలోకి విసిరాను. కొమ్మ లేదు కదా అని ఇంకెవరైనా లోపలికి పోవాలి, వల మీద వల పడాలి, దాని నోరు మూతపడాలి. నేను కోరుకున్నది అంతే... దేవుని సాక్షిగా అంతే.

సాయంత్రం గాలివాన వచ్చింది. అందరం ఒడ్డు చేరాం. ముత్యాలు రాలేదు.

మా సంఘం పెద్ద సవరయ్య బాబాయ్ మోటరు పడవ తీశాడు. నలుగురం ఎక్కాం. ఒక్కో ఒంపు మూతి మీద టార్చి వేసి చూడటం, కొమ్మ లేకపోతే ముందుకు పోవడం. మోడుచెట్టు ఒంపు వచ్చింది. వెలుతురు బురద మీద తిరిగింది.

"కొమ్మ లేదు. పదండి" అన్నాడు బాబాయ్.

నేను ఆ పడవలోనే ఉన్నాను. నోరున్నదాన్ని. ఇంకో ఒంపు చూశాక చెబుదామనుకున్నాను. తర్వాత, ఇంకోటి చూశాక...

తెల్లారాక దొరికింది. అదే ఒంపులో. తెప్ప గాలికి బోర్లాపడింది. నీళ్లలో నిలబడి ఎండిపోయిన చెట్టుకి, నీళ్లలో కొట్టుకొచ్చిన పసుపు పేలికతో మణికట్టు కట్టేసుకుని ఉంది. బాబాయ్ దాని మెడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఒళ్లింకా సల్లబడలే బిడ్డా" అన్నాడు నాతో. "మన మోటరు సప్పుడు ఇనే ఉంటది."

నలభై రోజులు నీళ్ల మీదికి పోలేదు. గింజలు నిండుకున్నాయి. పోక తప్పలేదు.

ఎండ తగ్గాక బయల్దేరాను. మొదటి దిబ్బ, మొదటి ఒంపు. కొమ్మ ఉంది. సరే, ఎవరో ముందే వచ్చారు. రెండో ఒంపు. కొమ్మ. మూడోది... కొమ్మ. దగ్గరికి పోయి చూశాను. ఆకులు పచ్చిగా ఉన్నాయి. కాడకు పసుపు పేలిక.

నాలుగో దిబ్బ దాకా తెడ్డు వేశాను. ప్రతి మూతి దగ్గరా అదే. గాలి లేదు. పేలికలు మాత్రం ఊగుతున్నాయి.

ఒక్క ఒంపుకే కొమ్మ లేదు.

వెనక్కి తిప్పుదామని తెడ్డు వేశాను. తెప్ప ముందుకే పోయింది. మలుపు తిరిగింది. లోపల కప్ప అరుపు లేదు, పురుగు చప్పుడు లేదు. నానిన బట్ట వాసన. మోడుచెట్టు. దాని కొమ్మ మీద నీళ్లు కారిన తడి... వాన పడి వారమైంది.

తెప్ప వెనక నుంచి, చాలా దగ్గరగా, చెవిలో చెప్పినట్టు...

"కొమ్మ పెట్టొచ్చినవా అక్కా?"

పెట్టలేదు.

"పెట్టకపోతే... ఎవరొస్తరు?"

తెడ్డు ఎక్కడ పడిందో తెలియదు. చేతులతోనే నీళ్లు తోశాను. ఎట్లా బయటపడ్డానో తెలియదు.

రేవులో సవరయ్య బాబాయ్ ఒక్కడే కూర్చుని వల కుడుతున్నాడు.

"ఏంది బిడ్డా, జల్దీ వచ్చినవ్?"

"ఒంపులన్నిటికీ కొమ్మలున్నయి బాబాయ్."

"కొమ్మలేంది? ముత్యాలోళ్ల ఇల్లు తప్ప ఊరంతా పినపాక ఊర్ల పెండ్లికి పోయిండ్రు. ఇయ్యాల నీళ్ల మీదికి పోయింది నువ్వొక్కదానివే."

ఆయన సూది ఆపి నా మొహంలోకి చూశాడు. అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. ఎదురుచూశాడు. చెప్పడానికి అంతకంటే మంచి వేళ దొరకదు. నోరు తెరిచాను...

"చేపలు పడలే బాబాయ్" అన్నాను.

ఆయన మళ్లీ వల మీదికి వంగాడు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. ముత్యాలు వాళ్ల ఇంట్లో పిల్లలు చదువుకుంటున్న గొంతులు వినిపించాయి. మా ఇంట్లో చీకటి. పోయేటప్పుడు వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా కొంగున ఉంది.

గడప ముందు అలికిన నేలలో పచ్చి తునికి కొమ్మ గుచ్చి ఉంది. కాడకు పసుపు పేలిక. పేలిక కొస నుంచి నీటిబొట్టు జారి నేల మీద పడింది.

కొమ్మ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు.

పీకాలని చెయ్యి చాచాను. ఈసారి పీకలేకపోయాను. గుచ్చిన చెయ్యే పీకాలి. అరుగు మీద కూర్చున్నాను. పదకొండేళ్లుగా నేను తప్ప ఎవరూ మెసలని ఇల్లు... తాళం వేసిన తలుపు వెనక పొయ్యిలో పుల్ల చిటపటమంది. చేపల పులుసు వాసన వచ్చింది.

తర్వాత, నేల మీద కంచం పెట్టిన చప్పుడు.

కాసేపటికి... ఇంకో కంచం.