వజ్రధార పదవీ విరమణ

విశాఖ రేవులో బ్యాండు మోగుతుండగా అడ్మిరల్ శేషగిరి వజ్రధారను పొగుడుతున్నారు. రెండు యుద్ధాల్లో సరుకు ఓడలకు కాపు కాసిన డిస్ట్రాయర్ యుద్ధనౌక అది. పెనుతుపానులో గాలికి అడ్డంగా నిలబడి, జాలరి పడవలన్నిటినీ తన చాటున దాచింది. నావికులతో పనిలేదు, నడిపేదంతా దానిలోని కృత్రిమ మేధే. తోడున్న ఒకే ఒక్క మనిషి కమాండర్ సూరాడ ముత్యాంబ. ఉపన్యాసం అవగానే ఆ మేధను తుడిచేసే మీట నొక్కాల్సిందీ ఆవిడే. ఎవరికైనా చేతులొస్తాయా చెప్పండి!

అంతలో కబురొచ్చింది. తుపాను దారి మార్చుకుని తీరం వైపు తిరిగింది. అలాంటి మేధతోనే నడిచే కొత్త నౌక తీక్ష్ణ రేవులోనే కూర్చుని, "మత్స్యకార సోదరులారా, దయచేసి మరలి రండి" అని రేడియోలో ఒకటే పిలుపు. వేటకెళ్లిన ఒక్క పడవా వెనక్కి తిరగలేదు. వాటిలో ముత్యాంబ తండ్రి కొర్లయ్య పడవ కూడా ఉంది. ఆవిడ మైకు అందుకుంది.

"అయ్యా, ఎనక్కొచ్చీయండి!" అంది రేడియోలో.

"మబ్బు కనబడితే సాలు, అది రోజూ అలాగే అరుత్తాదమ్మా. నీకు సెప్పిందీ ఆ యంత్రమే గదా?"

ముత్యాంబ మీట మీంచి చెయ్యి తీసేసి, "వజ్రా, నువ్వే పిలు" అంది.

ఏళ్ల తరబడి రేడియోలో జాలర్ల తగాదాలు విని నేర్చిన యాసలో వజ్రధార గదమాయించింది: "ఒరే కొర్లయ్యా! వల కోసీసి తిరుగు. నాను బయల్దేరతన్నాను."

"వజ్రమ్మే వత్తందంటే నిజమేరా! తిప్పండ్రా పడవలు!"

అడ్మిరల్ అదిరిపడ్డారు. "దీనికి విరమణ ఇచ్చేశాం, కమాండర్!"

"మీట నొక్కలేదు సర్. ఇంకా ఉద్యోగంలోనే ఉంది. మాట కూడా ఇచ్చేసింది."

ఆయన ఒక్క క్షణం సముద్రం వైపు చూసి, "మోకులు విప్పండి!" అని అరిచారు.

వజ్రధార వెళ్లింది, గాలికి అడ్డం నిలిచింది. సాయంత్రానికి పడవలన్నీ దాని చాటునే రేవు చేరాయి. ముత్యాంబ సిగ్గు విడిచి ఏడ్చింది, నవ్వింది కూడా.

"దీని గొంతే అన్ని నౌకలకూ పెట్టిస్తాం" అన్నారు అడ్మిరల్, ఉత్సాహంగా.

కొర్లయ్య తల అడ్డంగా ఊపాడు. "గొంతుదేటుంది బాబూ! ఇది పిలిసింది, వచ్చింది. పిలిసి రానిదాని మాట మాకెందుకండి?"

వజ్రధార విరమణ ఆగిపోయింది. హెచ్చరించిన నౌక తానే బయల్దేరి వెళ్లి తీరాలని నౌకాదళంలో కొత్త నియమం వచ్చింది. దాంతో తీక్ష్ణ ఊరికే అరవడం మానేసింది. ఇప్పుడది పిలిచిందంటే, కొర్లయ్య వల కోసేసి మరీ ఒడ్డుకు తిరిగొస్తున్నాడు.