మూడో రాయి

ఆ పొద్దున కూడా నీళ్ళు పైకి వచ్చాయి.

ఆస్పత్రిలో ఉన్న అత్తగారికి చీరలు సర్దుదామని వెనక గదిలోకి వెళ్ళిన కోడలు, స్నానాలగది గడప దగ్గరే ఆగిపోయింది. మూల జాలీలోంచి నల్లటి నీళ్ళు బుడబుడమంటూ పొంగి నేలంతా పరుచుకుంటున్నాయి. అలవాటు కొద్దీ "అత్తయ్యా, మళ్ళీ ఏం వేశారు?" అనబోయి నాలుక కరుచుకుంది. అత్తగారు ఇంట్లో లేక నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ ఈ గదిలో చెంబెడు నీళ్ళు పోసినవాళ్ళు లేరు.

తలుపు మీద కాగితం మాత్రం ఎప్పటిలాగే అంటించి ఉంది. భర్త లెక్కల మాస్టారు, అందుకే అంకెలు వేసి మరీ రాశాడు. ఒకటి, గుడ్డపేలికలు వేయరాదు. రెండు, నీళ్ళు పొదుపుగా పోయాలి. మూడు, అవసరం లేకుండా ఫ్లష్ చేయరాదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి సొంత ఇంట్లో పెట్టిన నిబంధనలవి.

కిందటేడాది మొదటిసారి మురుగు లైను మూసుకుపోయినప్పుడు, శుభ్రం చేయడానికి వచ్చినవాడు కడ్డీతో లాగితే ఒక తెల్ల పేలిక బయటపడింది. అది అత్తగారి పాత చీర ముక్క. గచ్చు కడుగుతుంటే చెయ్యి జారి పోయిందని ఆవిడే ఒప్పుకుంది. ఇంకేం, నేరం రుజువైపోయింది. ఆ తరవాత లైను ఎన్నిసార్లు పొంగినా అందరి కళ్ళూ ఆవిడ మీదికే తిరిగేవి. కొళాయి చప్పుడైతే చాలు, వంటింట్లోంచి కోడలు "అత్తయ్యా, చూసుకుని" అని కేకేసేది. ఆవిడ ఒక్కనాడూ మారు మాట్లాడలేదు.

నాలుగు రోజుల కింద వంటింటి గడప మీద కళ్ళు తిరిగి పడిపోయింది. ఒంట్లో నీరు బొత్తిగా లేదని, కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పింది. రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారని అడిగితే, పెద్దావిడ "మాత్ర మింగడానికి సరిపడా" అంది. ఎందుకని అడిగితే దాహం వెయ్యదంది.

కోడలు ఇప్పుడు అత్తగారి గదిలో మంచం పక్క బల్ల చూసింది. స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. నెలల తరబడి అలాగే ఉంటే, అది అత్తగారి శుభ్రత అనుకుంది ఇన్నాళ్ళూ. చేతిలోకి తీసుకుని చూస్తే దాని అడుగు మీద సన్నగా దుమ్ము. గ్లాసు పట్టుకుని అక్కడే మంచం మీద కూర్చుండిపోయింది. అత్తగారికి దాహం వెయ్యకపోవడమేమిటి, మరుగుదొడ్డి వాడటానికి భయపడి తాగడం మానేసింది.

ఈసారి కడ్డీలవాణ్ణి పిలవొద్దని భర్తతో గట్టిగా చెప్పింది. లోపలేముందో కళ్ళతో చూస్తేగాని ఊరుకోనంది.

పది గంటలకల్లా గొట్టాల్లోకి కెమెరా పంపి చూసే ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, చుట్టగా చుట్టిన పసుపుపచ్చ తీగ. తీగ చివర బొటనవేలంత కెమెరా. గేటు దగ్గర మురుగు ఛాంబరు మూత లేపి, కెమెరాని మెల్లగా ఇంటి వైపు తోయడం మొదలెట్టింది. చిన్న తెర మీద మట్టి గొట్టం లోపలి భాగం గుండ్రంగా కదిలిపోతోంది. పక్కన మీటర్ల అంకె పెరుగుతోంది. మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకో చీర ముక్క కనిపిస్తుందని, గొడవ తీరిపోతుందని అతని నమ్మకం.

"ఈ లైను వేసినవాళ్ళు మంచి పనిమంతులండీ," అంది కెమెరా ఆవిడ. "అతుకు పెట్టిన ప్రతిచోటా లోపలికి కారిన సిమెంటు తుడిచేశారు. ఇదిగో, వేళ్ళ గీతలు కూడా ఉన్నాయి. ఇంత ఓపిగ్గా ఎవరూ చేయరు."

మాస్టారు వంగి చూశాడు. ఎండిన సిమెంటులో పక్కపక్కనే నాలుగు సన్నటి గీతలు. అతని తండ్రి మేస్త్రీ. ఈ ఇంటి లైను తనే వేసుకున్నాడు. ఆయన చెయ్యి లావు, గొట్టంలో పట్టేది కాదు. అందుకని ఒక్కో గొట్టం అతికించగానే అమ్మ భుజం దాకా చెయ్యి పెట్టి లోపల తుడిచేదట. ఈ సంగతి చిన్నప్పుడు తండ్రి నవ్వుతూ చెబుతుంటే విన్నాడు. అవి అమ్మ వేళ్ళు.

తొమ్మిదో మీటరు దగ్గర కెమెరా ఆగిపోయింది. గొట్టం పైభాగం పగిలి, లోపలికి బూడిదరంగు ముద్ద దిగి ఉంది. దానికి వెంట్రుకలు, కాగితాలు, చెత్త చిక్కుకుని వేలాడుతున్నాయి.

"ఇది లైనుతోపాటు వేసిన సిమెంటు కాదండీ, ఆ తరవాత పైనుంచి దిగిన కాంక్రీటు," అని, తీగ పొడవు కొలిచి నేల మీద సుద్దతో గుర్తు పెట్టింది. గుర్తు కారు షెడ్డు స్తంభం మొదట్లో పడింది. ఎవరు ఏం వేసినా, వేయకపోయినా, వంటింటి నీళ్ళతో సహా అన్నీ ఇక్కడ ఆగి వెనక్కి పొంగక తప్పదని, స్తంభం తీసి రెండు గొట్టాలు మార్చాలని చెప్పి, ఆవిడ తీగ తుడుచుకుంటూ గేటు వైపు వెళ్ళింది.

కోడలు భర్త మొహంలోకి చూసింది. ఆ మొహం పాలిపోయి ఉంది.

"కిందటేడాది షెడ్డు స్తంభానికి గుంట తవ్వినరోజు నేను పుట్టింట్లో ఉన్నాను. మీరే దగ్గరుండి చేయించారు."

"గునపానికి గొట్టం తగిలిందన్నారు." మాస్టారు సుద్ద గుర్తు వైపు చూస్తూ అన్నాడు. "పాత వాననీటి గొట్టమై ఉంటుంది, కాంక్రీటు పోసేయండి అన్నాను."

"అత్తయ్య చెప్పలేదా?"

చెప్పింది. తండ్రి వాకిట్లో లైను వెళ్ళే దారి తెలియడానికి నాలుగు నల్లరాళ్ళు పాతాడు. టైల్సుకి అడ్డమని వాటిని పీకించినప్పుడే అమ్మ వెంటపడింది. మూడో రాయి దగ్గర గుంట తియ్యకురా, కింద లైనుంది అని మూడుసార్లు చెప్పింది. పనివాళ్ళ ముందు చిన్నతనమనిపించి అతను కసురుకున్నాడు. నాన్న పోయాక నువ్వు మేస్త్రీవయ్యావా అన్నాడు. పనివాళ్ళు నవ్వారు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఇదంతా చెప్పి, "తప్పంతా నాదే," అన్నాడు.

"మీ ఒక్కరిదే అనకండి. కాగితం మీరు అంటించారు, రోజూ చదివి వినిపించింది నేను," అంది కోడలు. లోపలికి వెళ్ళి ఆ కాగితం పీకేసింది. జిగురు పట్టినచోట రంగు ఊడి తలుపు మీద తెల్లగా మచ్చ మిగిలింది. ఎంత తుడిచినా పోలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. వరండాలోనే డాక్టరు ఎదురై, కిడ్నీలు కొంత కోలుకుంటాయి గానీ మునుపటిలా పనిచేయవని, ఇకమీదట జీవితాంతం జాగ్రత్తగా చూసుకోవాలని చెప్పింది. సెలైనుతో పాటు నోటితో కూడా నీళ్ళు తాగించమంటే పెద్దావిడ వినడం లేదంది.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి మీద ఉన్న చెయ్యి చూశాడు కొడుకు. గొట్టంలో భుజం దాకా దూరిన చెయ్యి అది. ఇప్పుడు మరీ పుల్లలా అయిపోయింది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, జరిగింది దాచకుండా చెప్పాడు.

"మూడో రాయి దగ్గరే కదమ్మా. నీకు తెలుసు. మరి నిన్ను అన్నన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీ పెళ్ళాం దగ్గర నీకు మాటొస్తుంది కదరా," అంది అమ్మ నీరసంగా. "పేలిక నేను వేసిన మాట నిజమేగా."

కోడలు మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంటినుంచి తెచ్చిన స్టీలు గ్లాసు సంచిలోంచి తీసి, కడిగి, నిండా నీళ్ళు పోసి అత్తగారిని లేపి కూర్చోబెట్టింది. కొడుకు గ్లాసు అందుకుని తల్లి పెదాల దగ్గర పెట్టాడు.

ఆవిడ తాగలేదు. గది మూల మరుగుదొడ్డి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి కొడుకుని అడిగింది.

"ఇక్కడ లైను బాగానే ఉంటుందా, నాన్నా? తాగొచ్చా?"

అతను గ్లాసు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. తాగమ్మా అన్నట్టు తల ఊపాడు, కళ్ళనీళ్ళు దుప్పటి మీద పడుతుంటే. ఆవిడ రెండు గుక్కలు తాగి, అలవాటుగా చాలంది. అతను గ్లాసు వెనక్కి తీయలేదు.