యానాం అల్లుడు

ఆ మంగళవారం ఉదయం ఆస్ట్రేలియాలో, స్కోఫీల్డ్స్‌లోని తన ఇంట్లో సుబ్బరాజు కాఫీ కప్పు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు. పారమట్టాలోని ఆఫీసుకు వెళ్ళే రైలు తప్పిపోతుందని భార్య లీల రెండుసార్లు హెచ్చరించింది. ఆయన కదల్లేదు. తెర మీద లండన్ పార్లమెంటు. యూరోపియన్ యూనియన్ నుంచి ఎలా బయటపడాలో తేల్చుకోలేక అక్కడి సభ్యులు నెలల తరబడి వాదులాడుకుంటున్నారు. నాలుగు దారులు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంటే, నాలుగింటినీ కాదన్నారు.

"చూశావా లీలా? ఇదీ వద్దంట, అదీ వద్దంట. ఉండరు, పోరు."

"వాళ్ళు ఉంటే మనకేంటి, పోతే మనకేంటి? ఇడ్లీ చల్లారిపోతోంది, రండి."

"మనకేంటా? అల్లుడవుతానని ఎల్లుండి ఒకడు మనింటికి వస్తున్నాడుగా. అక్కడ పీకల మీదకొచ్చింది కాబట్టే ఇక్కడికొస్తున్నాడు."

 లోపలి గదిలో అమూల్య క్లినిక్‌కి తయారవుతోంది. ఆ మాట ఆమె చెవిన పడిందేమోనని లీల తలుపు వైపు చూసింది.

అమూల్య వాళ్ళకు ఒక్కతే కూతురు. ఫిజియోథెరపిస్టు. ఏడాదిన్నర క్రితం కాకినాడలో పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు ఉపేంద్ర పరిచయమయ్యాడు. యానాం అబ్బాయి. ఇంగ్లండులోని లెస్టర్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే, స్కానింగ్ పని చేస్తాడు. ఫోన్లు, మెసేజీలు సాగిసాగి పెళ్ళి మాట దాకా వచ్చాయి. అంతవరకు సుబ్బరాజుకు పేచీ లేదు. భీమవరం ఆయన సొంతూరు, యానాం ఎంతో దూరం కాదు. పేచీ అంతా అబ్బాయి పాస్‌పోర్టుతో వచ్చింది. అది ఫ్రాన్సు పాస్‌పోర్టు. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళేటప్పుడు ఉపేంద్ర తాతగారు ఫ్రెంచి పౌరుడిగానే ఉండిపోయారు. ఆ పౌరసత్వం మనవడి దాకా వచ్చింది. ఆ పాస్‌పోర్టు ఉంది కాబట్టే అతను ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. రేపు ఆ దేశం యూనియన్ నుంచి విడిపోతే అలాంటివాళ్ళ సంగతేమిటో ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు.

రెండు వీధుల అవతల ఉండే ఆనందరావు ఈ విషయం విన్నరోజే పెదవి విరిచాడు. "రాజుగారూ, ఓడకి చిల్లు పడ్డాక పక్క పడవలోకి దూకేవాడు, పడవ మీద ప్రేమతో దూకడండీ. కాస్త చూసుకోండి" అన్నాడు. ఆ మాట సుబ్బరాజు మనసులో చేప ముల్లులా దిగబడిపోయింది.

గురువారం ఉపేంద్ర వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. వంగి ఇద్దరి కాళ్ళకూ దండం పెట్టి, తల్లి చేసి పంపిన కొబ్బరి లౌజు డబ్బా లీల చేతిలో పెట్టాడు. "అమ్మ మరీ మరీ చెప్పిందండీ, ముందు మీకే ఇమ్మని" అన్నాడు. గోదావరి యాస చెక్కుచెదరలేదు. లీల మెత్తబడిపోయింది. కాళ్ళకు దండం పెట్టేవాళ్ళని మరీ జాగ్రత్తగా చూడాలని సుబ్బరాజు అనుకున్నాడు.

అప్పటినుంచి ఆయన చూస్తూనే ఉన్నాడు. అతనికి ఫోను వస్తే పెరట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడతాడు. టీవీలో లండన్ వార్తలు వస్తే తింటున్నవాడు ఆగిపోతాడు. ఆదివారం ఆనందరావు భోజనానికి వచ్చినప్పుడు ఉపేంద్ర వడ్డన మధ్యలో అడిగాడు:

"అంకుల్, ఇక్కడికి తల్లిదండ్రుల్ని శాశ్వతంగా తెచ్చుకోవాలంటే వీసాకి ఎంతకాలం పడుతుందండీ?"

ఆనందరావు ముద్ద ఆపి సుబ్బరాజు వైపు చూశాడు. "మామూలు క్యూ అయితే ముప్పై ఏళ్ళు అంటున్నారు బాబూ. ఏం, ఎందుకు?"

"ఊరికే అడిగానండీ" అని ఉపేంద్ర పప్పు గిన్నె వైపు చెయ్యి చాచాడు.

ఆ మధ్యాహ్నం లీల గిన్నెలు సర్దుతుంటే సుబ్బరాజు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"విన్నావా? ఇంకా తాళి కట్టలేదు, అప్పుడే తల్లిని తెచ్చే ఆలోచన."

"తల్లిని చూసుకుందామనుకోవడం తప్పాండీ?"

"తప్పని నేననలేదు. పెళ్ళి దేనికోసమా అంటున్నాను."

మర్నాడు అనుమానానికి ఇంకో ఆధారం దొరికింది. గ్యారేజీలో చెత్తబుట్ట తియ్యడానికి వెళ్తే, కారులో కూర్చుని అమూల్య ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. అద్దం సగం దించి ఉంది. పెళ్ళి సర్టిఫికెట్ రాగానే వీసాకి అప్లై చేస్తామని, ఎన్ని వారాలు పడుతుందో చెప్పమని అడుగుతోంది. తండ్రిని చూసి టక్కున ఫోను పెట్టేసింది.

"ఎవరమ్మా?"

"నథింగ్ డాడీ. వర్క్."

పుట్టినప్పటినుంచీ ఆ పిల్ల ఆయనకు అబద్ధం చెప్పిన గుర్తు లేదు. ఇంత సులువుగా చెప్పగలదని కూడా ఆయనకు తెలియదు. లోపలికి వెళ్ళి లీలని నిలదీశాడు.

"నీకు ముందే తెలుసు కదూ? తల్లీకూతుళ్ళు కలిసి నాటకం ఆడుతున్నారా?"

లీల చేతిలో గరిటె పొయ్యి మీద పెట్టేసింది. "ముందు ఆ అబ్బాయిని అనుమానించారు. తర్వాత పిల్లని. ఇప్పుడు నేను. రేపు అద్దంలో చూసుకుని మిమ్మల్ని మీరే అనుమానిస్తారు" అంది.  ఆ రోజు ఇక ఆయనతో మాట్లాడలేదు.

ఆ వారమంతా ఇల్లు బిగుసుకుపోయింది. నలుగురూ ఒకే బల్ల దగ్గర తింటారు, ఉప్పు అందించమని తప్ప ఎవరూ నోరు విప్పరు. ఉపేంద్ర తిన్న కంచం తనే కడిగి పెడతాడు. అది కూడా సుబ్బరాజుకు నటనలాగే కనిపించింది.

గురువారం ఉదయం వార్త వచ్చింది. ఇంగ్లండు విడిపోయే గడువు మళ్ళీ వాయిదా. అక్టోబరు ఆఖరుదాకా ఎక్కడివాళ్ళు అక్కడే. సాయంత్రం సుబ్బరాజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఉపేంద్ర పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో మాట్లాడుతున్నాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"గండం గడిచిందమ్మా! అక్టోబరు దాకా మనల్ని ఎవరూ ఏం చెయ్యరు. ఈలోగా పెళ్ళయిపోతే మరి భయం లేదు."

సుబ్బరాజు బ్యాగు కింద పెట్టలేదు. బూట్లు కూడా విప్పలేదు. ఉపేంద్ర లోపలికి వచ్చేదాకా హాల్లో అలాగే నిలబడ్డాడు. అప్పుడే అమూల్య కూడా క్లినిక్ నుంచి వచ్చింది. లీల వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను. సూటిగా చెప్పు. నీకు కావలసింది మా అమ్మాయా, ఆస్ట్రేలియానా?"

"డాడీ!" అంది అమూల్య.

"నువ్వాగు. గడువు పెరిగిందని అంత సంబరమేంటి? ఈలోగా పెళ్ళయిపోతే భయం లేదా? ఎవరికి భయం లేదు? అక్కడ తలుపు మూసేలోపు ఇక్కడ తలుపు తీయించుకుందామని కాదూ? వెనకాలే మీ అమ్మగారిని కూడా తెద్దామని కాదూ?"

ఉపేంద్ర మొహం ఎర్రబడింది. కానీ కోపంతో కాదు. అతను అమూల్య వైపు తిరిగాడు. "నువ్వింకా చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?" సుబ్బరాజు గొంతు పెరిగింది. "ఇంకా ఏం దాచారు నా దగ్గర?"

అమూల్య బ్యాగు సోఫాలో పడేసింది. "హి ఈజ్ నాట్ కమింగ్ హియర్, డాడీ. ఉపేంద్ర రావట్లేదు. నేనే వెళ్తున్నాను. లెస్టర్‌కి."

 వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. లీల పొయ్యి కట్టడానికి కూడా కదల్లేదు.

"నువ్వా?" అంది చివరికి. "నువ్వు వెళ్తావా?"

ఉపేంద్ర నెమ్మదిగా చెప్పాడు. "మా నాన్నగారు పోయాక అమ్మ యానాంలో ఒక్కర్తే అయిపోయిందండీ. మూడేళ్ళ క్రితం నా దగ్గరికి తెచ్చుకున్నాను. అమ్మది ఇండియా పాస్‌పోర్టు. నేను అక్కడుంటేనే ఆవిడ అక్కడ ఉండొచ్చు. అయిదేళ్ళు నిండితే ఆవిడకి సొంతంగా హక్కు వస్తుంది. ఈలోగా నేను కదిలితే ఆవిడదీ పోతుందండీ. ఫ్రాన్సుకి వెళ్ళినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఇక్కడికి తేవచ్చేమోనని ఆనందరావు అంకుల్‌ని అడిగాను. ముప్పై ఏళ్ళన్నారు. అమ్మకి అరవై దాటాయి."

"మరి ఆ పార్లమెంటు..." అన్నాడు సుబ్బరాజు.

"ఒప్పందం కుదిరితే ఒక దారి, కుదరకపోతే ఇంకో దారి అంటున్నారండీ. ఏదీ తేల్చరు. అమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా రోజూ ఆ టీవీ ముందు కూర్చుంటుంది. వాళ్ళు అరుచుకుంటుంటే 'మనల్ని ఉండనిత్తారంటరా?' అని అడుగుతుంది. ఈ రోజు అక్టోబరు దాకా ఫర్వాలేదని చెప్పగలిగాను. ఈలోగా పెళ్ళయితే అమూల్య రావడం కూడా సులువు. అందుకే నవ్వానండీ."

సుబ్బరాజు కూతురి వైపు తిరిగాడు. గ్యారేజీలో విన్న మాటలు ఇప్పుడు వేరేగా వినిపించాయి. అది అతని వీసా గురించి కాదు. ఆమె వీసా గురించి.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను డాడీ? తను ఇంట్లో అడుగుపెట్టకముందే మీరు డిసైడ్ అయిపోయారు. ఇక్కడికి వస్తాడంటే వీసా కోసం అన్నారు. నేను వెళ్తానంటే లాక్కుపోతున్నాడు అంటారు. ఐదర్ వే తనే దొంగ." ఆమె సోఫా అంచున కూర్చుంది. "ఈ వారం అంతా నన్ను కూడా అలాగే చూశారు. ఆ చూపు నాకు తెలుసు. టికెట్ లేనివాళ్ళని రైల్లో చూస్తారే, అలా. నాకు భయం వేసింది. మై ఓన్ డాడ్ అంటే భయం వేసింది."

  అంత ముద్దుగా పెంచుకున్న పిల్ల తనంటే భయపడిందన్న మాట సుబ్బరాజుకు కొత్త. అద్దాల తలుపు జరుపుకుని పెరట్లోకి నడిచి, అక్కడున్న కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఇంట్లోకి ఎవరో జొరబడతారని కాపలా కాశాడు. ఉన్న ఒక్క పిల్లా గడప దాటి వెళ్ళిపోతుందన్న ఆలోచన ఆయనకు రానేలేదు. అరిచి ఆపుదామంటే దేన్ని పట్టుకుని అరవాలి? దొంగ అనుకున్నవాడు తల్లిని వదలలేని కొడుకు. అబద్ధం చెప్పిందనుకున్న కూతురు తండ్రికి జడిసిన పిల్ల.

ఎదురుగా బల్ల మీద ఉపేంద్ర మరిచిపోయిన ఫోను మోగింది. వీడియో కాల్. తెర మీద 'అమ్మ' అని తెలుగులో ఉంది. అతన్ని పిలుద్దామని ఫోను చేతిలోకి తీసుకుంటే సుబ్బరాజు వేలు ఎక్కడో తగిలి కాల్ కలిసింది. నేతచీర మీద మందపాటి స్వెట్టరు వేసుకున్న ఒకావిడ కనిపించింది. ఆయన్ని చూసి కంగారుగా కొంగు సర్దుకుంది.

"అయ్యో, అన్నయ్యగారాండీ? నమస్కారమండీ. నేను అలివేలునండి. మావోడు పక్కనున్నాడాండీ?"

"లోపలున్నాడండీ. పిలుస్తాను."

"వొద్దొద్దు, ఉండండీ." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆడు లేనప్పుడు మీతో ఓ మాట చెప్పాలనుకుంటున్నానండీ, దేవుడే కలిపాడు. మీ అమ్మాయి ఇక్కడికొచ్చేత్తుందని ఆడింత హుషారుగా మాటాడితే నాకు నిద్రెలా పడుతుందండీ? మీకు ఒక్కగానొక్క పిల్లంట. నా గురించి ఆ పిల్ల అమ్మానాన్నల్ని వొదులుకుని రావడమేంటండీ? నాకు నోట్లోకి ముద్ద దిగట్లేదు. మీరే ఆడికి సర్దిచెప్పి అక్కడే ఉంచేసుకోండి. నేను యానాం ఎల్లిపోతాను. మా ఆడపడుచు ఉంది, పక్క వాటాలో పడుంటాను. నేను చెప్పానని మాత్రం ఆడితో అనకండేం."

సుబ్బరాజు ఆ మొహంలోకి తేరిపార చూశాడు. వారం రోజులుగా అందరి మొహాల్లోనూ వెతికినదే ఇక్కడా వెతికాడు. ఎత్తు, ఎర, లెక్క. ఏమీ లేవు. చలిదేశపు వంటింట్లో, ఉదయపు మసక వెలుగులో, కొడుకు సుఖం కోసం తన గూడు వదులుకోవడానికి సిద్ధపడిన ఒక మనిషి ఉంది. తను కాఫీ తాగుతూ వేడుక చూసిన ఆ పార్లమెంటు గోల ఈవిడకు ఉంటానో పోతానో అన్న బెంగ.

ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. 

"మీరెక్కడికీ వెళ్ళొద్దు చెల్లెమ్మా."

అవతల ఆవిడ బిత్తరపోయి చూసింది.

"వాళ్ళు తేల్చినా తేల్చకపోయినా మీరు అక్కడే ఉండండి. అయిదేళ్ళు నిండనివ్వండి. మా అమ్మాయి మీ దగ్గరికి వస్తుంది. నేనే దింపి వెళ్తాను."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనకాల తలుపు జరిగిన చప్పుడైంది. అమూల్య గుమ్మంలో నిలబడి ఉంది, పక్కన లీల. ఎంతసేపటినుంచి వింటున్నారో తెలియదు. సుబ్బరాజు వాళ్ళను చూశాడు కానీ ఫోను పెట్టలేదు. పెడితే ఏడ్చేస్తాడు.

"చెల్లెమ్మా, ఇంకొక్క మాట. అది పొద్దున్నే లేవదు. లేపితే చిరాకు పడుతుంది. గారాబం చేశాం, తప్పు మాదే. కాస్త..."

"నేను లేపనులెండి అన్నయ్యగారండీ" అంది అలివేలు ఏడుస్తూ, నవ్వుతూ. "ఎంతసేపైనా పడుకోనిత్తాను."

అమూల్య వచ్చి నాన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆయన మోకాలి మీద తల పెట్టేసింది. సుబ్బరాజు ఫోను లీల చేతికిచ్చి, రెండు చేతులూ కూతురి జుట్టు మీద వేశాడు. లీల కళ్ళు తుడుచుకుని తెర వైపు తిరిగి, "వదినగారూ, బాగున్నారా?" అంది.