చిన్న మంగళారంలో లార్డ్

“లార్డ్ సాయంత్రం దాకా బతకాలి శాంసన్. ఆయన పోతే నీ ఉద్యోగమూ పోయినట్టే.” ఇంటెలిజెన్స్ చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

లార్డ్ అంటే ఆష్‌వెల్ ప్రభువు. ఏదో దీవి రాజుకు సలహాదారుగా వెళ్ళిన ఇంగ్లీషు దొర. రాజైనా చట్టానికి లోబడాల్సిందే అన్నందుకు ఆ రాజు ఆయన తల తీయమన్నాడు. మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో రస్సెల్ ప్రభువు తల తెగింది కూడా ఇలాంటి పేచీలోనే. ఇన్నేళ్లయినా రాజులకు కొత్త బుద్ధి పుట్టి చస్తే కదా! ఆష్‌వెల్ తప్పించుకొచ్చి మొయినాబాద్ పక్కన చిన్న మంగళారం ఫామ్‌హౌస్‌లో, శాంసన్ కాపలాలో దాక్కున్నాడు. సాయంత్రం అంతర్జాతీయ కోర్టుకు వీడియోలో సాక్ష్యం చెప్పాడంటే రాజు పని అయిపోయినట్టే.

ఇంగ్లీషు ప్రభువుకు ‘లార్డ్’ అని కోడ్ నేమ్ పెట్టిన మేధావి ఎవడో గానీ, వాడికి దండ వేయాలి! ఆ పేరు చీఫ్‌కూ శాంసన్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. వంట చేసే బీరమ్మకు ఆయన ఉత్త ‘సారు’.

గేటు ముందు కారు ఆగింది. డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని కళ్ళతోనే ఆడించే మంజుల దిగింది. తెల్లచీర, చేతిలో బైబిలు. పెదాలకు మాత్రం ఎర్రెర్రని లిప్‌స్టిక్.

“బ్యాకప్‌గా వచ్చాను. పైకి మాత్రం ప్రార్థనకొచ్చిన సిస్టర్‌ని. లోపలెవరో నాకు చెప్పలేదు, నేనడగను,” అంది. శాంసన్ నమ్మాడు.

వాకిట్లో బీరమ్మ కొంగు నెత్తిన కప్పుకుంది. “ప్రైజ్ ది లార్డ్, అమ్మా!”

మంజుల ఉలిక్కిపడింది. “ష్! లార్డ్ ఇక్కడున్నాడని నీకెవరు చెప్పారు?”

“గదేం మాటమ్మా? లార్డ్ లేని జాగ యాడున్నది?”

అప్పటికే మంజుల లోపలికి దూసుకుపోయింది. శాంసన్‌కు అప్పుడు వెలిగింది. మొయినాబాద్‌లో చర్చి గడప తొక్కినవాళ్ళెవరైనా ఆ మాటకు ఆ మాటే బదులిస్తారు. ఈవిడకు వినబడింది కోడ్ నేమ్! అది ఆమె చెవిన వేసింది రాజు మనుషులు కాక ఇంకెవరు?

పరుగెత్తాడు. మంజుల చేతిలో లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపల విషపు సూది మెరిసింది. దొర మెడకు వెంట్రుకవాసి దూరంలో మంజుల మణికట్టు శాంసన్ పిడికిట్లో చిక్కింది. సూది సోఫాలో దిగబడింది.

“మహారాజు మిమ్మల్ని వదలడు!” మంజుల బుసకొట్టింది.

“మంచిగున్నది. ఈసారి ఆదివారాలు చర్చికి పోయే మనిషిని పంపుమను,” అంటూ శాంసన్ బేడీలు వేశాడు.

సాయంత్రం దొర టై సవరించుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. వీడియో కాల్ కలిసింది.

తలుపు దగ్గర బీరమ్మ గుసగుసగా అడిగింది. “ఏ రాజు, బిడ్డా?”

“తన మీద ఎవ్వరు లేరనేటోడు, అవ్వా.”

“గంత పెద్దోడు గీ బక్క సారు నోరు తెరుస్తడని వణుకుతుండా? థూ! గసొంటోడు మా ఊర్ల వార్డు మెంబర్‌గ గూడ గెలువడు.”