యంత్రం రెండుసార్లు గుణించదు

పిళ్ళైచావడి ఒడ్డుకు తెల్లవారుతూనే శవం కొట్టుకొచ్చింది.

చెంగల్రాయన్. యాభై దాటిన జాలరి. ముందురోజు ఒడ్డున గుడిసెలో ఆకుపచ్చ దీపం చూసి పడవ తోశాడు. గంట తిరక్కుండా సముద్రం ఆ పడవను బోర్లేసింది.

ఇన్‌స్పెక్టర్ లలితకుమారి గుడ్డ తొలగించి చూసింది. మళ్ళీ కప్పింది. ఒంటిమీద గాయాల్లేవు, మునిగి చనిపోయాడని డాక్టర్ తేల్చేశాడు. ఆమెకు మాత్రం మనసొప్పలేదు. అంత పోటు మీదున్న సముద్రానికి ఆకుపచ్చ దీపమేమిటి?

గుడిసెలో టిఫిన్ బాక్సంత డబ్బా ఒకటి ఉంది. అల ఎత్తు, గాలివేగం తీసుకుని లెక్కగడుతుంది. ప్రమాదమైతే ఎర్రదీపం, కాకపోతే ఆకుపచ్చ. ఉత్తరాన ఇంకో కుప్పంలో, అంటే జాలర్ల పల్లెలోనూ ఇలాంటిదే ఉంది. లలితకుమారి ఇక్కడి డబ్బాను ఆపించి, అందులోని కోడ్ కాపీ తీయించింది.

చెంగల్రాయన్ భార్య మీనాంబాళ్ తమిళంలో ఏడుస్తూనే ఒక మాట అంది. పోయిన వారం ఆఫీసు తంబి, అదే కుర్రాడు, వచ్చి డబ్బా తెరిచాడట. తమ ఇంట్లోనే అన్నం తిన్నాడట.

డబ్బాలు తయారుచేసే ఆఫీసు ఉప్పళంలో, మేడ మీద రెండు గదులు. ముగ్గురే మనుషులు. యజమాని లోకనాథన్. సూత్రాలు రాసే భానుశ్రీ. డబ్బాలు బిగించే పవన్‌కుమార్.

"కోడ్ ఎవరు రాశారు?"

"మనుషులెవరూ రాయలేదు మేడమ్," అన్నాడు పవన్‌కుమార్. "మెషినే రాసింది."

భానుశ్రీ వివరించింది. పుస్తకంలో ఉన్నట్టే గుర్తులతో తను సూత్రం రాస్తుంది. జనరేటర్ అనే ప్రోగ్రామ్ దాన్ని వేగంగా నడిచే కోడ్‌గా మార్చి ఇస్తుంది. డబ్బాలో ఉన్నది చిన్న చిప్. అల వచ్చేలోపు లెక్క తేలాలంటే ఆ వేగం ఉండి తీరాలి.

"అంత వేగం ఎలా వస్తుంది?"

"అది మహా బద్ధకస్తురాలండి," అంది భానుశ్రీ, నవ్వబోయి ఆగి. "చేసిన లెక్క మళ్ళీ చెయ్యదు. ఒకసారి గుణించి, దానికో పేరు పెట్టి దాచుకుంటుంది. కావలసినప్పుడల్లా ఆ పేరే వాడుతుంది."

పవన్‌కుమార్ ఫైల్ పైవరస చూపించాడు. మెషిన్ తయారీ, చేత్తో మార్చవద్దు. "ఇంక తప్పు యాడుంటది మేడమ్? సూత్రంలోనే."

అందరి చూపులూ భానుశ్రీ మీద పడ్డాయి. సూత్రం తప్పని తేలితే, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు ఆ పిల్ల మెడకు చుట్టుకుంటుంది. లోకనాథన్ అప్పుడే ఆమె బల్ల ఖాళీ చేయించాడు. మనిషికి ఎంత తొందరో!

"నువ్వు పిళ్ళైచావడి వెళ్ళి ఎన్నాళ్ళయింది?" లలితకుమారి పవన్‌కుమార్‌ని అడిగింది.

"నెల దాటింది మేడమ్. యాడికీ పోలా."

"ఉత్తరాన ఉన్న రెండో డబ్బా కూడా ఆపించండి మేడమ్," అంది భానుశ్రీ.

"దాంట్లో ఉండేది పాత కోడే," పవన్‌కుమార్ అడ్డొచ్చాడు. "అది బాగానే ఉంది."

లలితకుమారి ఆ మాట నమ్మింది. నమ్మకుండా ఉండాల్సింది.

మెట్లు దిగుతుంటే హెడ్ కానిస్టేబుల్ పాండియన్ చెవిలో ఊదాడు. పిల్లదీ యానామే, ఇన్‌స్పెక్టరమ్మదీ యానామే, ఇక కేసు మాఫీ అని ఒడ్డున గుసగుసలు మొదలయ్యాయట. లలితకుమారికి ఒళ్ళు మండింది. జీపులో కూర్చుని కోడ్ కాగితాలు మొదటినుంచీ చదివింది. రెండోసారి చదివేటప్పుడు ఒకచోట పెన్ను ఆగింది.

సాయంత్రం ముగ్గురినీ పిళ్ళైచావడి గుడిసెకు రప్పించింది. మీనాంబాళ్ గుమ్మం దగ్గర నిలబడింది. గాలి ముదురుతోంది. తడిక గోడలు కొట్టుకుంటున్నాయి.

"మెషిన్ తయారీ అని నెత్తిన రాసుంటే మీరెవరూ లోపల చూడలేదు," అంది లలితకుమారి. "ఇక్కడ అల ఎత్తునీ గాలివేగాన్నీ గుణించి టీ-మూడు అని పేరు పెట్టి దాచింది. చివరి వరసలో అదే గుణకారం మళ్ళీ మొదటినుంచీ ఉంది. పక్కనే సగానికి తగ్గించే అంకె, అందుకే ఎర్రదీపం వెలగాల్సినచోట ఆకుపచ్చ వెలిగింది. బద్ధకస్తురాలు అదే పని రెండోసారి ఎందుకు చేసింది?"

భానుశ్రీ కాగితం లాక్కుని చూసింది. 

"ఇది చేత్తో రాసిన వరస."

"అయితే ఆ చెయ్యి ఈమెదే కావచ్చుగా?" అన్నాడు లోకనాథన్.

"ఈమెకు ఆ ఖర్మేమిటి? సూత్రంలో ఒక ముక్క మార్చి జనరేటర్ నడిపిస్తే చాలు, అతుకు కనపడకుండా కొత్త కోడ్ వచ్చేది. సూత్రం చేతిలో లేనివాడే కోడ్‌ను గెలుకుతాడు. లోకనాథన్ గారూ, మీరు ఇక్కడికి ఏనాడూ రాలేదు. పవన్‌కుమార్, నెల దాటిందన్నావు. పోయిన వారం మీనాంబాళ్ ఇంట్లో అన్నం తిన్నదెవరు?"

అదే ప్రశ్న పాండియన్ తమిళంలో అడిగాడు. మీనాంబాళ్ చెయ్యెత్తి పవన్‌కుమార్‌నే చూపించింది.

పవన్‌కుమార్ ఇసుకలో కూలబడ్డాడు.

"చెంగల్రాయనే అడిగినాడు మేడమ్. దినామూ ఎర్రదీపమే అయితే ఎట్లా తంబీ, కొంచెం వదలరాదా అని. ఆయమ్మ వడ్డించిన కూర తింటా కాదనలేకపోయినా. నాలుగు దినాలు సముద్రంలోకి పోనీలే అనుకున్నా. చచ్చిపోతాడనుకోలేదు."

"మరి ఈ పిల్ల మీదికి ఎందుకు తోశావు?"

"భయమేసింది."

మీనాంబాళ్‌కు తెలుగు రాదు. ఏమంటున్నాడని పాండియన్‌ని అడిగింది. అతను తల తిప్పుకున్నాడు. ఆ మాట ఆమెకు తమిళంలో చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

కేసు తేలింది. పిల్ల బయటపడింది. లలితకుమారి ఊపిరి పీల్చుకుంది. భానుశ్రీ మాత్రం పవన్‌కుమార్ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది.

"పవన్, రెండో డబ్బాలో ఏముంది?"



"వాళ్ళూ అడిగినారు."

పొద్దున్నే ఆ పిల్ల ఆపమంటే లలితకుమారి వినలేదు. పాండియన్‌ని జీపు తీయమంది. ఉత్తరాన కుప్పంలో పడవలు దిగే వేళ అది. భానుశ్రీ అప్పటికే అక్కడి గుడిసెకు ఫోన్ కలిపి చెవికి ఆనించుకుంది.

ఫోన్ మోగుతూనే ఉంది.