చైన్ కవర్ మీద ఒక మాట

"తుప్పు ఉన్నచోటే రుద్దు. పెయింట్ జోలికి వెళ్ళకు," అని చెప్పి నాన్న నట్లు కొనడానికి బజారుకెళ్ళాడు.

ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే ఆ అమ్మాయి ఉప్పుకాగితం చేతిలోకి తీసుకుంది.

వరండాలో తలకిందులుగా నిలబెట్టిన ఆ సైకిల్ నానమ్మది. ఒకప్పుడు నానమ్మ నర్సు. ఈ సైకిల్ మీదే ఇంటింటికీ తిరిగి పిల్లలకు టీకాలు వేసేది. ఆదివారం దీన్ని ఆస్పత్రి ముందుగదిలో అందరూ చూసేలా పెడతారట. అందుకే నాన్న బాగుచేస్తున్నాడు.

పాత బెల్ ఎప్పుడో పోయింది. కొత్త ఇత్తడి బెల్ తళతళలాడుతూ పాత సైకిల్‌కి అస్సలు అతకలేదు. నాన్నా పిట్టా దాన్ని ఉప్పు కలిపిన వెనిగర్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తుడిచారు. ఇప్పుడది మసకబారి, సైకిల్‌తో పాటే పుట్టినట్టుంది.

చైన్ కవర్ నిండా నల్లటి జిడ్డు. పిట్ట హుషారుగా రుద్దేసింది. తెల్లటి పొడి రాలింది. మురికే అనుకుని ఇంకా గట్టిగా రుద్దింది. తీరా తల వంచి చూస్తే తెల్ల రంగుతో రాసిన ఒక్క అక్షరమే మిగిలి ఉంది.

'మె'.

పిట్ట ఉప్పుకాగితం వదిలేసింది. అది తాతయ్య రాసిన మాట! నానమ్మ సైకిల్ దూకుడుగా తొక్కుతుందని, ఆయన తెల్ల రంగుతో 'మెల్లగా' అని రాశాడట. నానమ్మ ఎన్నోసార్లు చెప్పింది. జిడ్డు కింద అది ఇంకా ఉందని పిట్టకు తెలియదు. తాతయ్య పోయి ఏడాది కూడా కాలేదు.

ఏం చేయాలో తోచలేదు. గబగబా రంగు డబ్బా తెచ్చి, సన్న బ్రష్‌తో మిగతా అక్షరాలు రాసింది. అవి మరీ తెల్లగా మెరిశాయి. ఆరాక టీ డికాషన్ అద్ది, చైన్ మసి పూసింది. ఎవరు చూసినా పాతదే అనుకుంటారు.

నాన్న కూడా అలాగే అనుకున్నాడు. "అరె, నాన్నగారి రాత! అమ్మా, ఇలా రా!"

నానమ్మ వచ్చింది. కుర్చీ లాక్కుని సైకిల్ పక్కనే కూర్చుంది. అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా తడిమింది.

"ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నావా?" అంది. పిట్టతో కాదు, నాన్నతో కాదు.

మర్నాడు కూడా నానమ్మ అక్కడే కూర్చుంది. పిట్ట ఇక ఉండలేకపోయింది.

"నానమ్మా, 'మె' తప్ప మిగతాది తాతయ్య రాసింది కాదు. నేను చెరిపేశాను. నేనే మళ్ళీ రాశాను."

నానమ్మ వేలు ఆగిపోయింది. చేయి ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదే."

"తెలిసేది కాదు. అందుకే భయమేసింది నానమ్మా."

నానమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేదనిపించింది పిట్టకి. చీకటి పడ్డాక నానమ్మే వచ్చి పక్కన కూర్చుంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెరిపెయ్యమంటావా?" అడిగింది పిట్ట.

"వద్దు. ఉండనీ."

ఆదివారం ఆస్పత్రి ముందుగది జనంతో నిండిపోయింది. డాక్టరమ్మ సైకిల్ దగ్గర నిలబడి, "చూడండి, సిస్టర్‌గారి భర్త స్వయంగా రాసిన అక్షరాలు! ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నానమ్మ తల దించుకుంది.

పిట్ట చెవులు వేడెక్కాయి. అయినా ముందుకు నడిచింది.

"డాక్టర్‌గారూ, మొదటి అక్షరమే తాతయ్యది. మిగతావి నేను పొరపాటున చెరిపేసి, మళ్ళీ రాసి, పాతవిలా కనిపించేట్టు మసి పూశాను. బెల్ కూడా కొత్తదే. నాన్నా నేనూ కలిసి పాతగా చేశాం."

నాన్న గొంతు సవరించుకున్నాడు.

నానమ్మ వచ్చి పిట్ట చేయి పట్టుకుంది. ఆ చిన్న వేలిని తీసుకుని 'మె' మీద ఆనించింది.