పురుగు పట్టని గది

1979 ఆగస్టు 20, సోమవారం. ఉదయం 9.40.

తొమ్మిదో నంబరు బీరువా తెరిచి ఉంది. అందులో ఎర్ర అంచు అట్ట కవరు ఒకటి. కవరు ఖాళీ.

తిరుపతిలో కొండకు ఎదురుగా ఉన్న ఆ కాలేజీలో పోయింది నగ కాదు, ప్రశ్నాపత్రం కాదు. మందపాటి తెల్ల కాగితం మీద అంటించిన ఒక ఎండు కొమ్మ.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవరాజులు గది నాలుగు మూలలూ చూశాడు. ఇరవై నాలుగు ఇనుప బీరువాలు. వాటిలో పద్దెనిమిది వేల మొక్కలు, అన్నీ ఎండబెట్టి కాగితాలకు అంటించినవే. ఒకటే తలుపు. కిటికీలకు చెక్కలు కొట్టి, పైన సన్నటి వల బిగించారు. నాఫ్తలీన్ వాసన గొంతులోకి దిగుతోంది. చొక్కా వీపుకు అంటుకుంది.

వెనకున్న కానిస్టేబుల్ ఫ్యాన్ స్విచ్ వైపు చెయ్యి చాపాడు.

"వద్దు. షీట్లు ఎగిరిపోతాయి," అన్నాడు ప్రొఫెసర్ ఏకాంబరం.

ఈ గదికి పెద్ద ఆయనే. యాభై ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా శేషాచలం కొండలన్నీ కాలినడకన తిరిగి మొక్కలు పోగుచేసిన మనిషి. ఒక ఎండు కొమ్మకు పోలీసులెందుకో ఓపికగా చెప్పాడు. రెండేళ్ల కిందట తలకోన అడవిలో ఒక చిన్న చెట్టు దొరికింది. ప్రపంచంలో ఎవరూ వర్ణించని కొత్త జాతి అని ఆయన ఈ జనవరిలో ప్రకటించి, లాటిన్‌లో పేరు పెట్టాడు. ఆ పేరుకు సాక్ష్యం ఈ ఒక్క షీటే. దీన్ని టైపు షీటు అంటారు. రేపు ఉదయం పది గంటలకు కలకత్తా నుంచి ఒక నిపుణుడు దాన్ని స్వయంగా చూడటానికి వస్తున్నాడు.

"ఏం పేరు పెట్టారు సార్?"

ప్రొఫెసర్ బీరువా తలుపు దగ్గరికి వేశాడు. "చెంగయ్య పేరు. ఇన్నేళ్లూ నాతో కొండలెక్కింది అతనే."

దేవరాజులు చేతిలో ఉన్న ప్రిన్సిపాల్ ఫిర్యాదు కాగితం మళ్లీ చదివాడు. అందులో అనుమానితుడి పేరు కూడా అదే. అటెండరు చెంగయ్య.

రిజిస్టరు తెప్పించాడు. శనివారం ఉదయం 9.35కి తాళం తీసింది చెంగయ్య. సాయంత్రం 5.10కి వేసింది చెంగయ్య. ఈ ఉదయం 8.20కే తీసిందీ అతనే. తాళంచెవులు రెండు. ఒకటి చెంగయ్య మొలతాడుకు ఉంటుంది. రెండోది ప్రొఫెసర్ దగ్గర. తాళం పగలలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. షీటు మడవడానికి వీల్లేదు, మడిస్తే కొమ్మ విరుగుతుంది. చొక్కాలో దాచేంత చిన్నదీ కాదు.

ఖాళీ కవరును దేవరాజులు కిటికీ సందులోంచి పడుతున్న వెలుతురులో పెట్టి చూశాడు. మడత దగ్గర చిటికెడు పొడి. గోధుమ రంగు. రవ్వకన్నా సన్నం. వేలికి అంటింది.

"ఇదేంటి సార్?"

"పాత కాగితం పొట్టు," అన్నాడు ప్రొఫెసర్.

దేవరాజులు పక్క కవర్లు ఆరు తీయించి చూశాడు. ఎందులోనూ పొట్టు లేదు. ఆ పొడిని ఒక పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు.

11.00కి చెంగయ్యను అరెస్టు చేశారు. రేపు పదకొండులోగా కోర్టులో హాజరుపరచాలి. ఆ తర్వాత సబ్‌జైలు. జైలుకు వెళ్లినవాడికి ఆ గది తాళంచెవి మళ్లీ ఎవరూ ఇవ్వరు.

స్టేషన్‌లో చెంగయ్య గోడకు ఆనకుండా, బెంచీ చివర కూచున్నాడు. సన్నటి మనిషి. చేతివేళ్ల కొనలు లేత నీలంగా ఉన్నాయి.

"శనివారం గది విడిచి ఎప్పుడు పోయినావు?"

"పన్నెండు నలభైకి సార్. సంగటి తినను పోయినా. ఒకటిన్నరకి వచ్చినా."

"తాళం వేసినావా?"

"లేదు సార్."

"ఎందుకు?"

చెంగయ్య వేళ్ల కొనలు చొక్కాకు తుడుచుకున్నాడు.

"లోపల ఎవరుండారు?"

చెంగయ్య నేల వైపు చూశాడు.

"షీటు యాడుండాది చెంగయ్యా?"

అతను తలెత్తాడు. "నేనే తీసినానని రాసుకోండి సార్."

"తీసి యాడ పెట్టినావు?"

"అది జ్ఞాపకం లేదు సార్."

ఇరవై ఏళ్ల సర్వీసులో దేవరాజులు చాలామంది దొంగల్ని చూశాడు. నేరం ఒప్పుకుని సొత్తు చూపించలేనివాడు ఎప్పుడూ వేరే ఎవరికో అడ్డం నిలబడి ఉంటాడు. ఆ లాకప్ తలుపు చెంగయ్యే లోపలినుంచి పట్టుకుని ఉన్నట్టు అనిపించింది.

మధ్యాహ్నం నుంచి వరండాలో ఒక ఆమె కూచుని ఉంది. ఒళ్లో గుడ్డ కట్టిన గిన్నె. చెంగయ్య భార్య గంగులమ్మ. ఏడవలేదు. గిన్నెలో ఏముందని హెడ్ కానిస్టేబుల్ ఎకసెక్కంగా అడిగితే, రాగిసంగటి, కావాలంటే నువ్వు తిను, మా ఇంట్లో అదే వండేది, బియ్యం రేషన్‌కార్డు మింద వచ్చే పండగ నాడు చూసుకుందాం అని కసిరింది. దేవరాజులు బయటికొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. మీ ఆయన ఆ షీటు ఎందుకు తీసుంటాడని అడిగాడు.

"తీసుంటాడా?" గంగులమ్మ నవ్వినంత పని చేసింది. "ఆ కాగితాల్ని సూసుకున్నట్ట నన్ను సూసుకోనుంటే నేను ఈపాటికి రాణిని సామీ. పోయినేడు పండగనాడు సామి పటం గోడకి అంటిస్తావుంటి. అన్నం మెతుకులతో. అప్పుడే వచ్చినాడు. పటం పీకి, గోడ కడిగి, నాకు ఒక పూట క్లాసు చెప్పినాడు."

"ఎందుకు?"

"మెతుకుతో అంటిస్తే పురుగు పడతాదంట. పొడి రాలుస్తాదంట. మైదా ఉడకబెట్టి, మైలుతుత్తం కలిపి అంటించాలంట. ఆ నీలం చేతులతోనే నాకు ఇరవై ఏండ్లుగా కాపరం."

దేవరాజులు చెయ్యి జేబులో పొట్లం మీదికి పోయింది.

"అమ్మా, గిన్నె లోపలికి తీసకపోయి ఆయనకు పెట్టు," అన్నాడు.

సాయంత్రం 4.15కి లెక్చరర్ నిర్మలమ్మ ఇంటికి వెళ్లాడు. కిందటేడు జూన్‌లో ఉద్యోగంలో చేరింది. ప్రొఫెసర్‌కూ ఆమెకూ పడదని కాలేజీలో అందరికీ తెలుసు. శనివారం పన్నెండుకే ఇంటికి వచ్చేశానంది. ఆమె దగ్గర తాళంచెవి లేదు.

తగువు దేనికని అడిగితే దాచకుండా చెప్పింది. ఆ చెట్టు ఏప్రిల్‌లో ఆకులు రాల్చి పూస్తుంది. ఆకులు వానలు పడ్డాకే వస్తాయి. అందుకని పూలకొమ్మ కోసిన రోజే చెట్టుకు ఒక రేకు బిళ్ల కడతారు. మళ్లీ జూలైలో కొండెక్కి, అదే చెట్టు నుంచి ఆకు తెచ్చి, అదే షీటు మీద అంటిస్తారు. ఆ బిళ్ల నంబరు 214. ఈ జూలైలో ఆమె చెంగయ్యను తీసుకుని ఆ చెట్టు దగ్గరికే వెళ్లింది. బిళ్ల ఉంది. కొమ్మలు పెరిగి కప్పేశాయి. వెతికితే గానీ కనబడలేదు.

"ఆకులు సూసినా సార్. షీటు మింద ఆకు వేరే, ఈ చెట్టు ఆకు వేరే. చెట్టు కొత్తది కానే కాదు."

"ప్రొఫెసర్‌కు చెప్పినారా?"

"చెప్పినా. నా మొగం కూడా సూడలేదు. కలకత్తాకి జాబు రాసింది నేనే."

దేవరాజులు లేవబోతూ ఒక మాట అడిగాడు. అలాంటి షీటు మాయం చెయ్యాలంటే చించెయ్యడం సులువు కదా?

నిర్మలమ్మ అతన్ని వింతగా చూసింది. "టైపు షీటు చించేదానికి ఏ బాటనిస్టుకీ చెయ్యి రాదు సార్. చెరగని పాపం మాదిరి అది."

మంగళవారం ఉదయం 8.30.

ఎండు మొక్కలు దాచే ఆ హెర్బేరియం గదిలో నలుగురు. ప్రొఫెసర్, నిర్మలమ్మ, చెంగయ్య, దేవరాజులు. తలుపు బయట కానిస్టేబుల్ గడియ వేశాడు. గాలి లేదు. ప్రొఫెసర్ చెవుల పక్కనుంచి చెమట కారుతోంది. ఎవరూ ఫ్యాన్ మాట ఎత్తలేదు.

దేవరాజులు పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇది కాగితం పొట్టు కాదు. పురుగు తిని రాల్చిన పొడి. ఈ గదిలో చెంగయ్య అంటించిన షీట్లకు పురుగు రాదు. అతని గంజిలో మైలుతుత్తం ఉంటుంది, అది పురుగుకు విషం. మరి ఆ ఒక్క కవర్లోకి ఎలా వచ్చింది?"

దేవరాజులు పొట్లం పక్కన ఖాళీ కవరు పెట్టాడు.

"ఆ షీటు మీద ఏదో ఒకటి వేరే చెయ్యి అంటించింది. అన్నం మెతుకులతో. చెంగయ్య తినేది రాగిసంగటి. షీటు తయారైన రెండేళ్ల కిందట నిర్మలమ్మ గారు ఉద్యోగంలోనే చేరలేదు. ఈ గదిలోకి తిండి తేకూడదని బోర్డుంది. ఆ బోర్డు రాసిన మనిషికి మాత్రం రోజూ పన్నెండున్నరకు ఇంటినుంచి క్యారియర్ వస్తుంది. భార్య జ్ఞానాంబ గారు పంపే పెరుగన్నం. అది ఈ బల్ల మీదే తింటారు. శనివారం కూడా."

ప్రొఫెసర్ బల్ల అంచు పట్టుకున్నాడు. "నా షీటు నేనే ఎందుకు దొంగిలిస్తాను?"

"దొంగిలించలేదు సార్. షీటు ఈ గది దాటలేదు." దేవరాజులు నిర్మలమ్మ వైపు తిరిగాడు. "మేడమ్, ఆ చెట్టు కొత్తది కాదన్నారు. అసలు పేరేంటి?"

"ఎర్రబిక్కి. మన కొండల్లో మామూలుగా ఉండేదే. ఆ ఏడు కరువుకి పూలు సన్నబడినాయి."

"దాని షీట్లు యాడుంటాయి?"

"పదకొండో బీరువా. మూడో అర."

"తీయండి."

ఎర్రబిక్కి కవర్లో పన్నెండు షీట్లు. ఆమె ఒక్కొక్కటే తిరగేసింది. తొమ్మిదోదాని దగ్గర చెయ్యి ఆగింది. కింద మూల ఎర్ర చీటీ. 214. ఆకులేని పూలకొమ్మను ఇరుకు కుట్లతో కుట్టి ఉంది. పక్కన విడిగా ఒక ఆకు. ఆకు చుట్టూ కాగితం సన్నటి తూట్లు పడి ఉంది. ఈనె కింద మూడు మెతుకులు ఎండి, పగిలి కనబడుతున్నాయి.

"పోలీసులకు దొరక్కుండా దాచాలంటే పద్దెనిమిది వేల కవర్లున్నాయి," అన్నాడు దేవరాజులు. "కానీ తప్పు కవర్లో పెట్టడానికి దాచినవాడికి మనసు రాలేదు. దీని నిజమైన చోటులోనే పెట్టాడు. అంటే ఈ చెట్టు కొత్తది కాదని తెలిసినవాడే పెట్టాడు. నిర్మలమ్మ గారికీ తెలుసు. కానీ ఈ షీటు నలుగురూ చూడాలని కలకత్తా నుంచి మనిషిని రప్పించింది ఆమే. చెంగయ్యకూ తెలుసు. చెంగయ్యే దాచి ఉంటే, ముందు ఆ కవర్లో పొడి తుడిచేవాడు. పురుగు పొడి చూసి చెయ్యి ముడుచుకునే మనిషి కాడు అతను."

ప్రొఫెసర్ కుర్చీలో కూచుండిపోయాడు. అక్కడినుంచే చెప్పడం మొదలుపెట్టాడు.

1977 జూలైలో చెంగయ్యకు జ్వరం. తను ఒక్కడే కొండెక్కాడు. మోకాలు వాచింది. సాయంత్రం దాకా వెతికాడు, బిళ్ల కనబడలేదు. ఇదే అనుకున్న చెట్టు ఆకు కోసుకొచ్చాడు. ఇరవై ఏళ్లు కొండలు తిరిగినవాడికి తను గుర్తుపెట్టిన చెట్టే దొరకలేదని అటెండరుకు ఎలా చెప్పాలి? చెప్పలేక, అన్నం తింటూ ఇక్కడే అంటించేశాడు. తర్వాత అదే నిజమని తనే నమ్మాడు.

"షీటు కనబడకపోతే నిపుణుడు వెనక్కి పోతాడనుకున్నాను. ప్రిన్సిపాల్ పోలీసుల్ని పిలుస్తాడనుకోలేదు. పిలిచాక ఇక బయటికి దారి దొరకలేదు."

"చెంగయ్యను జీపు ఎక్కించేటప్పుడు మీరు వరండాలోనే ఉన్నారు సార్," అన్నాడు దేవరాజులు.

దేవరాజులు చెంగయ్యను అడిగాడు. "ఆ మెతుకులు నువ్వెప్పుడు సూసినావు?"

"జ్వరం తగ్గి పనికొచ్చిన పొద్దే సార్. షీటు తీస్తానే కనబడినాయి. ఆయప్ప అంటించినదాన్ని పీకేదానికి నాకు చెయ్యి రాలే."

"అయితే రాత్రంతా లాకప్‌లో ఎందుకు కూసున్నావు?"

చెంగయ్య నీలం వేళ్లు ఒకదాన్నొకటి రుద్దుకున్నాడు. "ఆయప్ప ఒక చెట్టుకి నా పేరు పెట్టినాడు సార్. నేను ఆయప్ప పేరు యట్లా చెడగొడతాను?"

బయట గడియ తీశారు. 9.05. కేసు 'మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్' కింద, అంటే పొరపాటున పెట్టిన ఫిర్యాదుగా మూసేస్తానని, కలకత్తా ఆయనకు మాత్రం జరిగింది జరిగినట్టు ప్రొఫెసరే చెప్పాలని దేవరాజులు అన్నాడు. ప్రొఫెసర్ తలూపాడు. కానీ కుర్చీలోంచి లేవలేదు. తెరిచిన తలుపు వైపు చూస్తూ, అది తనకోసం తెరవలేదన్నట్టు కూచున్నాడు.

చెంగయ్య నిర్మలమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మేడమ్, చెట్టు కొత్తది కాదంటే... నా పేరు కొట్టేస్తారా?"

"ఒకసారి అచ్చయిన పేరు కొట్టెయ్యరు చెంగయ్యా. ఎర్రబిక్కి పేరు కింద, చిన్న అక్షరాల్లో, ఎప్పటికీ ఉంటాది. దీన్నే ఒకప్పుడు అట్లా కూడా పిలిచినారని."

అతను బల్ల మీది షీటు వైపు వంగి, తూట్లు పడ్డ చోటు చూశాడు. ముట్టుకోలేదు.

"సార్, ఇది మీకు సాక్ష్యమా?"

"కలకత్తా ఆయన సూసేదాకా. అట్లే ఉండనీ."

"అయితే మిగతా పదకొండూ పక్క అరలో పెడతా సార్. మూడు దినాలైపోయా. పురుగు వాటికి పాకతాది."

అతను మొలతాడు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడ లేదు. దేవరాజులు జేబులోంచి తీసి అతని చేతిలో పెట్టాడు.